5డీ మార్క్ 2 కొనాలా, 7డీ కొనాలా? పక్షులూ పెళ్ళిళ్ళూ రెండూ తీయాలి, బాడీ ఒక్కటే కొనగలను

ఉప్పలపాడు_ఉదయం
సెకండ్ హ్యాండ్‌లో రెండు కెనన్ బాడీలు దొరుకుతున్నాయి. ఒకటి 5డీ మార్క్ 2, రెండోది 7డీ (పాతదే, మార్క్ 2 కాదు). ధరలో తేడా పెద్దగా లేదు. అదే షాపులో 400ఎంఎం ఎఫ్/5.6 లెన్సు కూడా ఉంది. ఒక బాడీ, ఆ లెన్సు, అంతవరకే డబ్బు సరిపోతుంది. ఇప్పుడు నా దగ్గరున్నవి 600డీ, 18-55, 55-250, 50ఎంఎం ఎఫ్/1.8.

తీసేవి రెండే రకాలు. ఉప్పలపాడు (గుంటూరు దగ్గరి పక్షుల చెరువు), ఆటపాక (కొల్లేటి పక్షుల కేంద్రం) వైపు పక్షులు. బంధువుల పెళ్ళిళ్ళు, ఆల్బంలో వేసుకునే స్థాయిలో. ఫుల్ ఫ్రేమ్ (5డీ మార్క్ 2లో ఉన్న పెద్ద సెన్సరు) అయితే ఎందులోనైనా మెరుగే అని ఒకరు, పక్షులకు 7డీయే అని ఇంకొకరు అంటున్నారు. మిర్రర్‌లెస్ సలహా వద్దు, అంత డబ్బు లేదు.

కొల్లేటికొంగ
7డీ. ఆలోచించేదేం లేదు. 19 ఫోకస్ పాయింట్లు, అన్నీ క్రాస్ టైపే (అడ్డగీతలూ నిలువుగీతలూ రెండూ పట్టేవి). సెకనుకు 8 ఫ్రేములు. 5డీ2కి 9 పాయింట్లు, అందులో మధ్యది ఒక్కటే క్రాస్, సెకనుకు 3.9 ఫ్రేములు. పక్షి రెక్క పైకెత్తి కిందికి దించేలోపు 5డీ2లో రెండు ఫ్రేములు కూడా పడవు.

మండపం_వెలుగు
పెళ్ళిళ్ళకైతే 5డీ2. రాత్రి ముహూర్తానికి ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సరు స్పందించే స్థాయి) 3200 పెట్టి ధైర్యంగా తీయొచ్చు. 7డీలో 1600 దాటితే నీడల్లో గింజ (ఇసుక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది, 3200కి నల్ల కోటులో, జుట్టులో రంగు మచ్చలు తేలతాయి. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ తేడా ఎక్కడికీ పోదు.

పోస్టుకార్డు
మొదటి రెండు జవాబులకే చర్చ రెండు ఊళ్ళ పొలిమేర తగాదాలా తయారైంది 🙂

ముడిఫైలు
ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ లెక్క వేసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది.

5డీ2 సెన్సరు 21.1 మెగాపిక్సెల్. అదే 400ఎంఎం లెన్సుతో, అదే చోట నిలబడి తీసి, 7డీ ఫ్రేము ఎంతుందో అంత ముక్క కత్తిరిస్తే 5డీ2లో మిగిలేది 21.1 భాగించు 2.56, అంటే 8.2 మెగాపిక్సెల్. 7డీలో ఆ చోటంతా 18 మెగాపిక్సెల్. దూరంగా ఉన్న పక్షి మీద 7డీ రెండు రెట్లకు పైగా పిక్సెళ్ళు పెడుతుంది. కనుక దూరపు పక్షికి ఫుల్ ఫ్రేము లాభం ఇవ్వదు, కత్తిరించాక దాని వెలుతురు లాభం కూడా చాలావరకు పోతుంది.

దగ్గరి పక్షి సంగతి వేరు. 20 మీటర్ల దూరంలో 400ఎంఎంతో 7డీ ఫ్రేము వెడల్పు సుమారు 1.1 మీటరు, 5డీ2 ఫ్రేము 1.8 మీటర్లు. ఎర్రకాళ్ల కొంగ నిలబడితే మీటరు ఎత్తు. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. 20 మీటర్లలో రెక్కలు చాపిన గూడబాతు 7డీ ఫ్రేములో అసలు పట్టదు. 40 మీటర్లకు వెళ్తే 7డీలో 2.2 మీటర్లు, అప్పుడు సరిగ్గా పడుతుంది. అంటే పక్షి పేరు, దూరం తెలియకుండా ఏ కెమెరా అని చెప్పలేం.

కొల్లేటికొంగ
ఆటపాకలో గట్టు మీది నుంచి 20 మీటర్లలో ఏదీ దొరకదు. పడవ ఎక్కినా అదే మాట. సగటున 40 నుంచి 70 మీటర్లు అనుకోండి.

ఉప్పలపాడు_ఉదయం
నేను ఎక్కువగా వెళ్ళేది ఉప్పలపాడే. చెరువులో చెట్ల మీద గూళ్ళు, గట్టు నుంచి బాగా దగ్గర. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఆటపాక ఏడాదికి ఒకసారి.

తేనెపిట్ట
అయితే చర్చ తీరే మారుతుంది. గూటి దగ్గరి పక్షి వచ్చే దారి, దిగే చోటు మళ్ళీ మళ్ళీ ఒకటే. గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి గాలివాటం చూసుకుని నిలబడితే ముఖం మన వైపుకే వస్తుంది. ఇలాంటి చోట సెకనుకు 8 ఫ్రేములు ఉంటే మంచిదే, లేకపోతే పని ఆగదు. లకుముకి పిట్ట నీళ్ళలో దూకడం, పాలపిట్ట తీగ మీది నుంచి ఎగరడం తీయాలంటే మాత్రం 7డీ ఫోకస్ కావాల్సిందే.

ముడిఫైలు
ఒక విషయం ఎవరూ అడగలేదు. ఈయన దగ్గర 600డీ ఉంది. అది కూడా 7డీలాగే 18 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సరు). చిత్రం నాణ్యతలో 7డీకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 7డీ కొంటే వచ్చేది ఫోకస్, వేగం, గట్టి బాడీ, పెద్ద వ్యూఫైండర్. పెళ్ళి ఫోటోలో ఐఎస్‌ఓ 3200 గింజ మాత్రం 600డీలో ఎంతో 7డీలోనూ అంతే. 5డీ2 కొంటే ఆయన దగ్గర లేని సెన్సరు వస్తుంది, 600డీ ఎలాగూ 400ఎంఎం వెనక ఉంటుంది.

కోఠి_కెమెరా
ముడిఫైలు అన్న అసలు మాట పట్టిండు. ఉన్న సెన్సరే మళ్ళ కొనుడు ఎందుకు?

కొల్లేటికొంగ
సెన్సరు ఒకటే అయితే కెమెరా ఒకటే అయిపోదు. 600డీలో సెకనుకు 3.7 ఫ్రేములు, రా ఫైళ్ళు (సెన్సరు ఇచ్చిన ముడి డేటా) 6 పడగానే బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది. 7డీకి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) 2.0 వేస్తే రా 25 దాకా ఆగకుండా పడతాయి, అంటే మూడు సెకన్లు. పక్షి దిగి రెక్కలు ముడిచే వరకు మొత్తం దొరుకుతుంది. 600డీలో ఆరో ఫ్రేముకి ఆగి, కార్డు రాసుకునేదాకా చూస్తూ కూర్చోవాలి.

ఇంకొకటి. 600డీలో ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ లేదు. 400ఎంఎం ఆ బాడీ మీద కాస్త ముందుకో వెనక్కో ఫోకస్ అయితే సరిచేసుకునే దారి లేదు. 5డీ2లో, 7డీలో ఉంది.

ముడిఫైలు
బఫర్ మాట ఒప్పుకుంటాను. జేపెగ్‌లో తీస్తే 600డీ చాలాసేపు నడుస్తుంది, కానీ తెల్ల రెక్కల మీద ఎండ పడినప్పుడు రా లేకపోతే వివరం వెనక్కి రాదు. మైక్రో అడ్జస్ట్‌మెంట్ మాట ఇంకా ముఖ్యం. కొనేముందే ఆ లెన్సుని 600డీ మీద పరీక్షించాలి, ఎలాగో కింద రాస్తాను.

మండపం_వెలుగు
5డీ2 వైపు మాట్లాడుతూనే ఒక హెచ్చరిక. మీ 18-55, 55-250 రెండూ ఈఎఫ్-ఎస్ లెన్సులు, 5డీ2కి ఎక్కవు. తెల్ల చదరం గుర్తున్నవి ఈఎఫ్-ఎస్, ఎర్ర చుక్క ఉన్నవి ఈఎఫ్. 5డీ2 మౌంటు మీద ఎర్ర చుక్క ఒక్కటే ఉంటుంది. బలవంతంగా తిప్పొద్దు, ఈఎఫ్-ఎస్ లెన్సు వెనక భాగం లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, అద్దానికి తగిలే ప్రమాదం. ఇక మిగిలింది 50ఎంఎం ఒక్కటే.

కొల్లేటికొంగ
అదే నేను చెప్పబోయేది. 7డీ కొంటే మూడు లెన్సులూ పనికొస్తాయి. 5డీ2 కొంటే పెళ్ళికి ఒక్క 50తో వెళ్ళాలి. గ్రూప్ ఫోటోలో ఇరవై మందిని 50తో తీయాలంటే ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్ళాలి, మన కల్యాణ మండపాల్లో వేదిక ముందే కుర్చీలు వేసేస్తారు.

మండపం_వెలుగు
ఆ గ్రూపులు 600డీకి 18-55 పెట్టి ఫ్లాష్‌తో తీసుకోవచ్చు. ఫ్లాష్ వేశాక ఐఎస్‌ఓ 400-800 చాలు, అక్కడ 600డీకి లోటు లేదు. 5డీ2 మీద 50 పెట్టి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. రెండు బాడీలూ భుజాన ఉంటే మండపంలో లెన్సు మార్చే పనే ఉండదు. హోమం పొగ, అక్షింతల పిండి ఉన్నచోట మౌంటు తెరవకపోవడమే మంచిది. తర్వాత డబ్బు కుదిరినప్పుడు 85ఎంఎం ఎఫ్/1.8, లేదా పాత 24-105 ఎఫ్/4.

ఉప్పలపాడు_ఉదయం
ఆల్బం వాళ్ళు 12×36 అంగుళాల షీట్లు వేస్తారు. 18 మెగాపిక్సెల్‌కీ 21కీ అక్కడ తేడా తెలుస్తుందా?

ముడిఫైలు
తెలియదు. 5డీ2 ఫైలు 5616×3744, 7డీది 5184×3456. సగం షీటు, అంటే 12×18 వేస్తే 5డీ2 అంగుళానికి 312 చుక్కలు, 7డీ 288. కంటికి రెండూ ఒకటే. ఒకే ఫోటోని 36 అంగుళాలకి సాగదీస్తే 156, 144. అక్కడా ఒకటే. ప్రింటులో కనిపించేది గింజ. పెళ్ళికూతురి మెడ కింద నీడలో, పట్టుచీర ముదురు రంగులో మచ్చలు వస్తే 12×36లో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

పోస్టుకార్డు
అంటే మెగాపిక్సెళ్ళు చూసి కొనడం దండగ అన్నమాట.

ముడిఫైలు
ఈ రెండింటి మధ్య అయితే అంతే. 5డీ2 గురించి ఒక చెడ్డ మాట కూడా చెప్పాలి. తక్కువ ఐఎస్‌ఓలో తక్కువ వెలుతురుకి తీసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నీడలను రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) ఎత్తితే చారలు బయటపడతాయి. 7డీలోనూ ఉంది ఆ గుణం. ఈ తరం కెనన్ సెన్సర్లతో ఎక్స్‌పోజర్ తీసేటప్పుడే సరిగా పెట్టాలి, ఇంటికెళ్ళి ఎత్తుకుందాం అంటే కుదరదు. ఐఎస్‌ఓ 800లో తక్కువగా తీసి ఎత్తడం కంటే 1600లో సరిగ్గా తీయడమే శుభ్రంగా ఉంటుంది.

హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) వెలుతురుది ఒక్కటే కాకుండా మూడు రంగులదీ పెట్టుకోండి. ఎర్రచీర, బంతిపూలు, పసుపు రాసిన ముఖం ఉన్న ఫ్రేములో వెలుతురు గ్రాఫు బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఎరుపు గ్రాఫు మాత్రం కుడి గోడకి అతుక్కుపోయి ఉంటుంది. ఆ చీరలో నేత, జరీ గీత తర్వాత ఏం చేసినా రావు. ఎరుపు గోడకి తగిలితే ఎక్స్‌పోజర్ మూడో వంతు నుంచి రెండు మూడో వంతుల స్టాపు తగ్గించండి.

తేనెపిట్ట
ఇది పెళ్ళికే కాదు. ఎర్రకాళ్ల కొంగ తోక మీదికి వాలే గులాబీ ఈకలు కూడా ఉదయపు ఎండలో ఇలాగే పోతాయి.

కొల్లేటికొంగ
5డీ2 ఫోకస్ సంగతి పెళ్ళి వైపు నుంచి కూడా చూడండి. పక్క పాయింట్లు మసక వెలుతురులో తడుముకుంటాయి. మధ్య పాయింటుతో పట్టి ఫ్రేము పక్కకి జరపాలి. లెన్సు బాగా తెరిచి ఎఫ్/1.8లో అలా చేస్తే కళ్ళు మెత్తబడతాయి, అంటే మసకగా వస్తాయి.

మండపం_వెలుగు
ఎంత మెత్తబడతాయో చెప్పండి మరి.

ముడిఫైలు
చెప్తాను. 50ఎంఎం, మనిషి 1.5 మీటర్ల దూరం, మధ్య పాయింటుతో కన్ను మీద పట్టి కెమెరా 15 డిగ్రీలు తిప్పారు. తిప్పాక ఆ కన్ను ఫోకస్ తలం కంటే సుమారు 5 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. ఎఫ్/1.4లో స్పష్టత కన్నుకి అటూ ఇటూ 4 సెంటీమీటర్ల లోపే, అంటే తప్పినట్టే. ఎఫ్/1.8లో 5 సెంటీమీటర్లు, అంచు మీద ఉంటుంది. ఎఫ్/2.8లో సుమారు 7.5, భయం లేదు. రెండు మీటర్లు వెనక్కి జరిగి ఎఫ్/2.2 - 2.8లో తీస్తే మధ్య పాయింటుతోనే హాయిగా పని జరుగుతుంది. లేదా మధ్యలోనే ఉంచి కాస్త వదులుగా తీసి తర్వాత కత్తిరించుకోవాలి, 21 మెగాపిక్సెల్ ఉన్నది అందుకే.

మండపం_వెలుగు
ఇంకో దారి, షట్టరు బటను మీద నుంచి ఫోకస్ తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ బటనుకి ఇవ్వడం. కస్టమ్ ఫంక్షన్లలో ఉంటుంది, రెండు కెమెరాల్లోనూ కుదురుతుంది. తలంబ్రాలప్పుడు దంపతుల మధ్య దూరం మారదు. ఒకసారి బొటనవేలితో పట్టి వదిలేస్తే ఫోకస్ అక్కడే ఉంటుంది, బియ్యం గింజల మీదికి పరిగెత్తదు. షట్టరు బటనుకే ఫోకస్ ఉంటే ప్రతి నొక్కుకీ మళ్ళీ వెతుక్కుంటుంది, సగం ఫ్రేములు గాల్లో గింజల మీద పడతాయి.

ఉప్పలపాడు_ఉదయం
ఇది చాలా ఉపయోగం. ఐఎస్‌ఓ ఆటోలో పెట్టి షట్టరు, అపర్చరు నేనే పెట్టుకుంటే రెండు కెమెరాల్లో పనిచేస్తుందా?

ముడిఫైలు
ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. 5డీ2లో మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్‌ఓ పెడితే అది 400 దగ్గర బిగుసుకుపోతుంది, మారదు. కనుక చేత్తో పెట్టుకోవాల్సిందే. 7డీలో మాన్యువల్‌లోనూ మారుతుంది, కానీ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క మీద వెలుతురు మనం పెంచడం, తగ్గించడం) ఇవ్వడానికి లేదు. తెల్లటి పక్షికీ నల్లటి నీళ్ళకీ అది ఇబ్బందే. 7డీ పాత ఫర్మ్‌వేర్‌లో ఆటో ఐఎస్‌ఓకి పై హద్దు పెట్టుకునే వీలు లేదు, 2.0లో వచ్చింది.

రీలుచక్రం
వీడియో కూడా తీస్తారా? తీస్తే రెండు మాటలు. 5డీ2 2008లో వచ్చినప్పుడు 1080లో 30 ఫ్రేములు ఒక్కటే ఉండేది. 24, 25 ఫ్రేములు, శబ్దం స్థాయి చేత్తో పెట్టుకునే వీలు 2010లో ఫర్మ్‌వేర్ 2.0.4తో వచ్చాయి. చేతికొచ్చిన బాడీలో ముందు ఫర్మ్‌వేర్ చూడండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే చారలు రావు. 1/60 పెడితే గోడ మీద నీడలు నెమ్మదిగా పాకుతాయి.

7డీలో 720లో 50 ఫ్రేములు ఉంది, సగం వేగానికి స్లో మోషన్ చేసుకోవచ్చు. 5డీ2లో అది లేదు. పట్టుచీర సన్న గళ్ళ మీద, పెంకుల మీద రెండింటిలోనూ రంగురంగుల అలలు వస్తాయి. ఫోకస్ వెంట్రుకవాసి తప్పించడం, లేదా కోణం మార్చడం తప్ప మందు లేదు.

మండపం_వెలుగు
ఆ మినుకు ఫోటోల్లో కూడా ఉంటుంది. ఈ రెండు కెమెరాల్లోనూ దాన్ని పసిగట్టే ఏర్పాటు లేదు. ట్యూబులైట్ల కింద 1/250లో వరసగా పది తీస్తే ఒకటి పసుపు, ఒకటి పచ్చ, ఒకటి చీకటి. 1/100 లేదా 1/50కి దిగితే పదీ ఒకేలా వస్తాయి. మంత్రాలు చదివేటప్పుడు మనుషులు కదలరు కాబట్టి 1/100 చాలు.

ఉప్పలపాడు_ఉదయం
వీడియో అవసరం లేదు. 400 ఎఫ్/5.6కి కుదుపు ఆపే ఏర్పాటు లేదు కదా, చేతిలో పట్టుకుని తీయొచ్చా?

తేనెపిట్ట
తీయొచ్చు, బరువు కిలోంపావు, ఎగిరే పక్షికి చాలా హాయి. 600డీ మీద కూర్చున్న పక్షికి 1/1000, ఎగిరేదానికి 1/1600 కంటే కిందికి రావొద్దు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో వెలుతురు పక్షి ముఖం మీద పడుతుంటే ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 400, 1/1600 దగ్గర మొదలుపెట్టి తెల్ల రెక్కలు చూసి సర్దుకోండి. దీనికి 1.4 ఎక్స్‌టెండర్ (లెన్సుకీ బాడీకీ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచేది) పెట్టొద్దు. ఎఫ్/8 అయిపోతుంది, ఈ మూడు బాడీల్లోనూ ఆటోఫోకస్ ఆగిపోతుంది. అతి దగ్గరి ఫోకస్ 3.5 మీటర్లు, తోటలో తేనెపిట్టలకు అది కాస్త అడ్డు.

కొల్లేటికొంగ
600డీలో అయితే ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్), మధ్య పాయింటు ఒక్కటే పెట్టుకోండి. తొమ్మిదీ వదిలేస్తే వెనక కొమ్మలు పట్టుకుంటుంది. 7డీలో మధ్య పాయింటు చుట్టూ నాలుగు తోడు పెట్టుకునే ఎక్స్‌పాన్షన్ ఉంది, ట్రాకింగ్ సెన్సిటివిటీ 'స్లో' వైపు పెడితే పక్షి ముందు కొమ్మ అడ్డొచ్చినా వదలదు. కొమ్మల సందులో కూర్చున్న పిట్టకి స్పాట్ ఏఎఫ్ (ఇంకా సన్నటి ఫోకస్ పాయింటు). ఇవేవీ 600డీలో ఉండవని తెలిసే కొనుక్కోండి.

కోఠి_కెమెరా
సెకండ్ హ్యాండ్ కొనేముందు ఏం జూడాల్నో చెప్త.

షట్టర్ కౌంట్ ఫోటో ఫైల్ల ఉండదు, ఈ కెనన్ బాడీలల్ల. మెనూల బ్యాటరీ ఇన్ఫో కాడ షట్టర్ కౌంట్ అని ఒక అంకె కనిపిస్తది. 340 అని జూపిచ్చి కొత్తదే అంటరు. అది ఆ బ్యాటరీ చార్జ్ చేసినంక కొట్టిన ఫోటోల లెక్క, కెమెరాది కాదు. అసలు లెక్క కేబుల్ పెట్టి కంప్యూటర్‌ల జూడాలె, లేకుంటే కార్డుల మ్యాజిక్ లాంటర్న్ అనే బయటోళ్ళ సాఫ్ట్‌వేర్ ఏసి జూడొచ్చు. గది 5డీ2కు ఫర్మ్‌వేర్ 2.1.2 మీదనే నడుస్తది. రెండు బాడీలకు కంపెనీ చెప్పింది లక్షా 50 వేలు. 60-70 వేలు ఉంటే బేఫికర్.

అదే బ్యాటరీ మెనూల మూడు పచ్చ గీతలుంటయి, మూడు ఉంటే బ్యాటరీ మంచిగున్నట్టు, ఒక్కటే ఎర్రగ ఉంటే పారేసుడే. బ్యాటరీతోని మాట్లాడలేకపోతున్న అని మెసేజ్ వస్తే డూప్లికేట్.

సీఎఫ్ కార్డు స్లాట్ల టార్చ్ కొట్టి జూడు. సన్న పిన్నులు రెండు వరసలు. ఒక్కటి వంగినా కార్డు పెట్టినప్పుడు ఇంక వంగుతది, లోపల షార్టయితది. నీ 600డీ ఎస్డీ కార్డులు దీంట్ల పనికిరావు, సీఎఫ్ కార్డు రీడర్‌తోని కలిపి అడుగు.

పోస్టుకార్డు
ఆ బ్యాటరీ అంకె సంగతి ఎంతమందికి తెలుసు! ఇది పైన పిన్ చేయాలి.

తేనెపిట్ట
ఎవరైనా 7డీ చూడటానికి వెళ్తే ఇంకొకటి. బ్యాటరీ తీసేసి వ్యూఫైండర్‌లో చూస్తే మసగ్గా, చీకటిగా ఉంటుంది. ఫంగస్ అనుకుని వెనక్కి వచ్చేయకండి. దాని వ్యూఫైండర్‌లో గీతలు, పాయింట్లు చూపించే ఎల్‌సీడీ పొర ఉంది, కరెంటు లేకపోతే అలాగే ఉంటుంది. బ్యాటరీ వేయగానే తేటపడుతుంది.

ఫంగస్ మాత్రం 400ఎంఎంలో వెతకాలి. అపర్చరు తెరిచి ఉన్నప్పుడు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కల్లా ఉంటుంది, ఫంగస్ సాలెగూడు పోగుల్లా కొమ్మలు వేసుకుని ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళ లెన్సయితే రెండుసార్లు చూడండి.

ముడిఫైలు
సెన్సరు దుమ్ముకి, ఎఫ్/22, ఐఎస్‌ఓ 100, లెన్సు ఫోకస్ దగ్గరికి తిప్పేసి ఖాళీ ఆకాశం తీయండి. బూడిద చుక్కలు దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. ఎప్పుడూ ఒకే ఆకారంలో గీతలా ఉంటే సెన్సరు మీది గీత, అది కొనొద్దు. వరసగా వంద ఫోటోలు కొట్టండి. మధ్యలో ఎర్రర్ 20 లేదా 30 వచ్చిందంటే షట్టరు, అద్దం భాగాల్లో లోపం. ఎర్రర్ 01 ఒక్కటే వస్తే లెన్సు, బాడీ మధ్య బంగారు పూత చుక్కలు మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ చూడండి, చాలాసార్లు అంతే ఉంటుంది.

ఇక 400ఎంఎంని 600డీ మీద పరీక్ష. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టాలి. ఫోకల్ లెంగ్త్‌కి 50 రెట్ల దూరం తీసుకోవాలి, 400కి 20 మీటర్లు. అక్కడ అక్షరాలున్న అట్టపెట్టె, దాని పక్కనే ఏటవాలుగా స్కేలో, ఇటుకల వరసో. ఎఫ్/5.6లోనే, రెండు సెకన్ల టైమర్‌తో. ముందు లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) పదిరెట్లు పెద్దది చేసి చేత్తో ఫోకస్ పట్టి ఒకటి తీయండి, అది ప్రమాణం. తర్వాత వ్యూఫైండర్ ఫోకస్‌తో పది తీయండి. ప్రతిసారీ ముందు రింగు తిప్పి ఫోకస్ చెడగొట్టాలి, సగంసార్లు దగ్గరికి, సగంసార్లు అనంతానికి. పదీ ప్రమాణంతో సమానంగా ఉంటే సరే. పదీ ఒకే వైపు తప్పితే ఆ జోడీ 600డీలో సరిపోదు. తలో వైపు తప్పితే లెన్సులోనే ఏదో ఉంది.

ఉప్పలపాడు_ఉదయం
5డీ2 కే మొగ్గుతున్నాను. ఎగిరే పక్షి కొన్ని పోతాయని కొల్లేటికొంగ గారు చెప్పింది అర్థమైంది. గూటి దగ్గర రేపు మళ్ళీ తీసుకోవచ్చు, మూడుముళ్ళు మళ్ళీ వేయరు.

కొల్లేటికొంగ
మీ చోటుకి అది సరే. ఆటపాకకే ఎక్కువ వెళ్తానని అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. అక్కడికి వచ్చేటప్పుడు 600డీలో రా వదిలి, తెల్ల పక్షులకు ఎక్స్‌పోజర్ రెండు మూడో వంతుల స్టాపు తగ్గించి జేపెగ్ పెట్టుకోండి. బఫర్ గొడవ తగ్గుతుంది.

కోఠి_కెమెరా
6డీ (ఇంకో ఫుల్ ఫ్రేమ్ కెనన్) దొరికితే జూడు అన్న. మధ్య పాయింట్ చీకట్ల గూడ పడ్తది, ఎస్డీ కార్డే. షట్టర్ 1/4000 దాకనే గని పెళ్ళికి చాలు.

ఉప్పలపాడు_ఉదయం
అడిగాను అన్నా, 6డీ కొంటే 400ఎంఎం వదులుకోవాలి. కుదరదు.

ఉప్పలపాడు_ఉదయం
ఈరోజు షాపుకెళ్ళి వచ్చాను. 5డీ2 ఫర్మ్‌వేర్ 2.1.2, షట్టరు కౌంటు 58 వేలు. పిన్నులు నిటారుగా ఉన్నాయి. ఎఫ్/22లో నాలుగు చుక్కలు, బ్లోయర్ కొడితే మూడు పోయాయి. వంద ఫ్రేములకి ఎర్రర్ ఏదీ రాలేదు. కుడివైపు రబ్బరు పట్టు అంచు లేచింది. బ్యాటరీ రెండు గీతలు.

400ఎంఎం 600డీ మీద 20 అడుగులు లెక్కపెట్టి తీశాను, షాపు ముందు సందులో అంతకంటే చోటు లేదు. పదిలో ఏడు ప్రమాణంతో సమానం, మూడు కాస్త వెనక్కి. మూడూ దగ్గరి నుంచి ఫోకస్ వచ్చినవే.

ముడిఫైలు
20 అడుగులంటే ఆరు మీటర్లే, అంత దగ్గర స్పష్టత లోతు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. చిన్న తప్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. పదిలో ఏడు అంటే ఆ దూరానికి మంచి లెక్కే. లెన్సు బ్యారెల్ మీద ఫోకస్ హద్దు మీట ఉంటుంది, 3.5 మీటర్ల నుంచి కాకుండా 8.5 మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టండి. గూళ్ళ దూరానికి ఫోకస్ వెనక్కీ ముందుకీ తడుముకోవడం తగ్గుతుంది. డబ్బు కట్టేముందు వాళ్ళని అడిగి మెయిన్ రోడ్డు మీదికి తీసుకెళ్ళి 20 మీటర్లలో ఇంకో పది తీయండి.

మండపం_వెలుగు
రబ్బరు అంచు చిన్న పనే. పాత జిగురు పూర్తిగా గీకి, సన్నటి డబుల్ సైడ్ టేపు ఆ ఆకారానికి కత్తిరించి అతికించండి. సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి తెల్లగా పేరుకుంటుంది, మళ్ళీ ఊడదీయాలంటే రబ్బరు చిరుగుతుంది. రెండు గీతల బ్యాటరీతో ముహూర్తానికి వెళ్ళొద్దు, ఇంకో ఎల్‌పీ-ఈ6 తీసుకోండి.

ఉప్పలపాడు_ఉదయం
మెయిన్ రోడ్డు మీద 20 మీటర్లలో పదికి తొమ్మిది. మీట 8.5 దగ్గరే పెట్టాను. రెండూ తీసుకున్నాను, కార్డు రీడరు కలిపే ఇచ్చారు.

తేనెపిట్ట
ఆదివారం పొద్దున ఆరున్నరకి గట్టు తూర్పు వైపు నిలబడండి, వెలుతురు వీపు వెనక నుంచి వస్తుంది.